పూలపొదల పేర్లు – పాలారు నీరు

చరిత్ర అనగానే కోటలు, శాసనాలు, యుద్ధాలు, రాజవంశాలు మన స్ఫురణకు వస్తాయి. వేలూరు కోటను గూర్చి, విజయనగర ప్రభువులు 17వ శతాబ్ది ఆరంభంలో తమ రాజధానిని చంద్రగిరి నుండి వేలూరికి మార్చుకొనుటను గూర్చి పెద్దలు ఎన్నో విషయాలు వ్రాసి ఉన్నారు. అయితే ఇంటి ముంగిట పెరిగే పూలపొదకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అది ఏ దేశం నుండి వచ్చినది, ఏ దారిన వచ్చినది, దానికి మనవారు ఏ పేరు పెట్టుకొన్నారు, ఏ నీటితో దానిని బ్రతికించుకొన్నారు అన్న ప్రశ్నలకు సమాధానం వెదకితే ఈ ప్రాంతపు ప్రజల జీవితమే కన్నుల ముందు నిలుస్తుంది.

పూలపొదను పెంచదలచినవారికి ముఖ్యంగా రెండు విషయాలు తెలియాలి. ఒకటి దాని పేరు, రెండవది దాని నీరు. పేరు తెలియనివారు ఒక మొక్క అనుకొని మరొక మొక్కను నాటుతారు. నీటి స్వభావం తెలియనివారు చక్కని మొక్కను తెచ్చి కూడా చంపుకొంటారు. వేలూరు, గుడియాత్తం ప్రాంతాలలో ఈ రెండు విషయాలకూ గడచిన శతాబ్ద కాలంలో పెద్ద మార్పులే సంభవించినవి. ఆ మార్పులను గ్రహించుటకు మన నేలలో పుట్టని ఒక పొదను, అనగా కొండ పట్టణాల తోటలలో నీలిరంగు బంతులవలె పూచే హైడ్రేంజియాను, ముందుగా పరిశీలించుట ఉపయుక్తం.

హైడ్రేంజియా ప్రస్థానం

హైడ్రేంజియా అన్న పేరును 1739లో హాలండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు గ్రోనోవియస్ అమెరికాలో దొరికిన ఒక జాతికి పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు నీటిపాత్ర అని అర్థం. ఆ మొక్క కాయ చిన్న కూజావలె ఉండుటయే ఆ పేరుకు కారణం. నేడు తోటలలో విరివిగా కనిపించే పెద్దపూల జాతి మాత్రం జపాను దేశానిది. స్వీడను దేశీయుడైన థున్‌బర్గ్ 1775, 1776 సంవత్సరాలలో జపానులో వైద్యుడుగా ఉండి అక్కడి మొక్కలను సేకరించాడు. 1784లో ఆయన ఈ పొదను వర్ణించినపుడు దీనిని హైడ్రేంజియాగా గుర్తింపలేదు. పూలగుత్తి పోలికను బట్టి వైబర్నం అను వేరొక ప్రజాతిలో చేర్చాడు. 1830లో గాని దానికి సరియైన స్థానం లభింపలేదు. అంతటి పండితుడికే గుత్తిని చూచినంత మాత్రాన మొక్క పోల్చుకొనుట కష్టమైనదంటే, సామాన్యుల సంగతి చెప్పనక్కరలేదు.

1789లో సర్ జోసెఫ్ బ్యాంక్స్ చైనా తోటల నుండి ఈ పొదను తెప్పించి లండను సమీపంలోని క్యూ ఉద్యానానికి చేర్చాడు. ఆ తరువాత జర్మను వైద్యుడు సీబోల్డ్ జపానులో 1823 నుండి 1829 వరకు నివసించి, అక్కడి హైడ్రేంజియాలలో ఒకదానికి ఒటాక్సా అని పేరు పెట్టాడు. అది ఆయన జపాను సహచరి ఒటాకీ పేరే అని చెబుతారు. ఈ విధంగా తూర్పు ఆసియా పొద ఐరోపా తోటలలో స్థిరపడి, ఆంగ్లేయులు వెళ్ళిన ప్రతి చల్లని కొండకూ వారి వెంట వెళ్ళినది.

హిమాలయ ప్రాంతాలలో హైడ్రేంజియా జాతులు కొన్ని సహజంగా పెరుగుతాయి గాని, దక్షిణ భారతపు కొండలలో ఇది నాటిన మొక్కయే. నీలగిరులలో ఉదకమండలం ప్రభుత్వ ఉద్యానానికి 1848లో మెకైవర్ అను తోట నిపుణుని ఆధ్వర్యంలో రూపకల్పన ఆరంభమైనది. కూనూరులో సిమ్స్ పార్కు 1874లో ఏర్పడినది. తేయాకు పండే ఆమ్లగుణం గల నేల, చల్లని గాలి, నిత్యం తేమ ఉండుటచేత అక్కడి తోటలలో హైడ్రేంజియా పుట్టినింట ఉన్నట్లే పెరిగినది.

వేలూరు ప్రాంతానికి ఈ కొండలతో సంబంధం కల్పించినది రైలుమార్గం. దక్షిణ భారతదేశపు మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1వ తేదీన మద్రాసు రాయపురం నుండి ఆర్కాడు సమీపంలోని వాలాజా రోడ్డు వరకు నడచినది. ఆ మార్గం పడమటికి సాగి కాట్పాడి, గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడిల మీదుగా జోలార్‌పేట చేరినది. 1864లో బెంగుళూరు శాఖ తెరువబడినది. 1899లో మేట్టుపాళయం నుండి కూనూరుకు, 1908లో ఉదకమండలానికి కొండ రైలు వెళ్ళినది. ఇట్లు మైదానపు పట్టణాలకు, అటు బెంగుళూరు లాల్‌బాగు తోటకు, ఇటు నీలగిరులకు నడుమ ప్రయాణం సులభమైనది. మనుషులు తిరిగిన దారినే మొక్కలూ తిరుగుతాయి.

నీలమా, గులాబీయా?

హైడ్రేంజియాలో అందరినీ ఆశ్చర్యపరిచే గుణం రంగు మారుట. ఒకే పొద నుండి తీసిన రెండు కొమ్మలను రెండు ఊళ్ళలో నాటితే ఒకచోట నీలంగా, మరొకచోట గులాబీ రంగులో పూస్తుంది. దీనికి కారణం నేలలోని అల్యూమినియం. నేల ఆమ్లస్వభావం కలదై, ఉదజని సూచిక సుమారు 5.5 గాని అంతకు తక్కువ గాని ఉన్నపుడు నేలలోని అల్యూమినియం కరగి వేళ్ళకు అందుతుంది. అది పూలలోని డెల్ఫినిడిన్ అను వర్ణద్రవ్యంతో కలసి నీలిరంగు నిస్తుంది. సూచిక 6.5 దాటి నేల క్షారస్వభావం వైపు మొగ్గినపుడు అల్యూమినియం మట్టిలోనే బిగిసిపోతుంది. అప్పుడు పూలు గులాబీ రంగులోనే ఉండిపోతాయి. తెల్లపూల రకాలలో ఈ వర్ణద్రవ్యం లేదు గనుక అవి నీలంగా మారవు.

ఈ రసాయన సూత్రం మన ప్రాంతానికి కొత్తది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వం శ్రీకాళహస్తి ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిదే. అచ్చటి కలంకారీ కళాకారులు బట్టను కరక్కాయ రసంలో ముంచి, పటిక నీటితో గీతలు గీసి, చిరువేరుతోనో మంజిష్ఠతోనో ఉడికిస్తారు. పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు రంగు నిలుస్తుంది. పటికలో ఉన్నది కూడా అల్యూమినియమే. బట్టమీద అది వేరురంగును పట్టి ఉంచుతుంది. హైడ్రేంజియా పూవులో పూరంగును నీలంగా మారుస్తుంది. తోటమాలి నీలిపూల కొరకు కుండీలో పోసేది కూడా కొద్దిపాటి పటిక నీరే. అద్దకపువారికి తరతరాలుగా తెలిసిన పటిక గుణాన్నే హైడ్రేంజియా తన పూలలో చూపుతున్నది.

కావున హైడ్రేంజియా పూవు నేలను, నీటిని చదివి చెప్పే పరికరం వంటిది. ఈ మాటను గుర్తుంచుకొని పాలారు సంగతికి తరువాత వద్దాము.

గుర్తించే విధానం

గుత్తిగా పూచే ప్రతి పొదనూ హైడ్రేంజియా అని పిలుచుట నేడు పరిపాటి అయినది. సరిగా గుర్తించుటకు పూవు కంటె ముందు ఆకును, తరువాత గుత్తిని పరిశీలించవలెను.

హైడ్రేంజియా ఆకులు కొమ్మకు ఇరువైపులా ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. అరచేయి అంత వెడల్పు, రంపపు పళ్ళవంటి అంచు, నునుపైన దళసరి పత్రం దీని లక్షణాలు. ఆకు తొడిమల మధ్య కొమ్మమీద చిన్న పొలుసులు ఉండవు. గుత్తిలో మన కంటికి రేకులుగా కనిపించేవి నిజానికి రేకులు కావు. అవి పెద్దవైన రక్షకపత్రాలు. సాధారణంగా నాలుగు, అప్పుడప్పుడు ఐదు ఉంటాయి. వాటి నడుమ గుండుసూది తలవంటి చిన్న మొగ్గయే అసలు పూవు. అందుచేతనే ఈ గుత్తి వారాల తరబడి వాడక నిలిచి, క్రమంగా ఆకుపచ్చగా మారుతుంది.

ఈ మాయ హైడ్రేంజియాకు మాత్రమే పరిమితం కాదు. మన కాగితపు పూవులో రంగురంగులుగా కనిపించేవి పుష్పపుచ్ఛాలు. వాటిలో ఇమిడియున్న సన్నని తెల్లని గొట్టాలే పూలు. ఆ పొదను 1767లో బ్రెజిలులోని రియో నగరం వద్ద కమ్మర్సన్ అను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు సేకరించాడు. ఓడ నాయకుడైన బూగన్‌విల్ పేరే దానికి నిలిచినది. దక్షిణ భారతపు అడవులలోని నాగవల్లిలో ఐదు రక్షకపత్రాలలో ఒకటి మాత్రమే తెల్లని ఆకువలె పెరిగి, సన్నని నారింజరంగు పూవుకు జెండా కట్టినట్లు కనిపిస్తుంది.

హైడ్రేంజియాగా పొరబడదగిన పొదలలో మొదటిది మడగాస్కరు నుండి వచ్చిన డోంబియా. దీని గులాబీ బంతులు కొమ్మల నుండి క్రిందికి వ్రేలాడతాయి. ఆకులు హృదయాకారంలో నూగుతో ఉండి, ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటిగా అమరి ఉంటాయి. ఈ ఒక్క గుర్తు చాలు. రెండవది క్లెరోడెండ్రంలలో ముద్దపూల జాతి. దాని ఆకులు కూడా ఎదురెదురుగా, పళ్ళతోనే ఉంటాయి. గుత్తి చిన్న గులాబీల దండవలె సువాసన వెదజల్లుతుంది. కాని ఆకును నలిపితే దుర్గంధం వస్తుంది. వేళ్ళనుండి పిలకలు వేసి తోటంతా ఆక్రమిస్తుంది.

మూడవది పులికంప, అనగా లాంటానా. 19వ శతాబ్ది ఆరంభంలో అమెరికా ఖండం నుండి అలంకారం కొరకు భారతదేశానికి తెచ్చిన ఈ పొద అడవులను ముంచెత్తినది. దీని కాండం నలుపలకలుగా, గరుకుగా ఉంటుంది. చిన్న గుత్తిలో నడుమ పూలు పసుపు, అంచు పూలు ఎరుపు గాని గులాబీ గాని అయి ఉంటాయి. ఈ రంగుల తేడా నేలను బట్టి వచ్చినది కాదు. పూవు వయస్సును బట్టి వచ్చినది. ముందు విచ్చిన పూవు ముందుగా రంగు మారుతుంది.

నాలుగవది మన ఇళ్ళలో నిత్యం కనిపించే నూరువరహాలు. ఆకులు ఎదురెదురుగానే ఉన్నా అంచు నునుపుగా ఉంటుంది. రెండాకుల తొడిమల మధ్య మొనదేలిన చిన్న పొలుసు ఉంటుంది. పొడవైన గొట్టం చివర నాలుగు నిజమైన రేకులు విచ్చుకొంటాయి. ఆకు అమరిక, ఆకు అంచు, తొడిమల మధ్య పొలుసు, నలిపినపుడు వచ్చే వాసన, రంగు చూపేది రేకా రక్షకపత్రమా అన్న ఐదు విషయాలు వరుసగా చూచినచో పదేండ్ల బాలుడు కూడా ఈ పొదలలో ఏదీ పొరబడడు.

పేర్లలో దాగిన చరిత్ర

నూరువరహాలు అన్న పేరును ఒక్క క్షణం ఆలోచింపవలెను. వరహా విజయనగర ప్రభువుల బంగారు నాణెం. వేలూరు కోటలో వారి పాలన ముగిసిన తరువాత కూడా మద్రాసు రాజధానిలో వరహాల లెక్క చాలాకాలం సాగి, 1818లో రూపాయి ప్రామాణిక నాణెమైనపుడు మరుగున పడినది. నాణెం పోయినది, గుత్తిలోని పూలను నాణేలుగా ఎంచి పెట్టుకొన్న పేరు మాత్రం ముంగిట నిలిచినది.

అదే పొదను తమిళులు వెట్చి అంటారు. ప్రాచీన తమిళ సాహిత్య సంప్రదాయంలో శత్రువుల పశువులను తోలుకొనివచ్చే వీరులు ధరించిన పూవు వెట్చి. ఆ యుద్ధవిభాగానికే ఆ పేరు వచ్చినది. వ్యవహారంలో పిల్లలు దానినే ఇడ్లీపూ అంటారు. ఒక్క పొదకు తెలుగులో ధనాగారం, తమిళంలో యుద్ధరంగం, పిల్లల నోట పలహారం గుర్తుకు వచ్చినవి. గుడియాత్తం వీధులలో పెరిగిన బిడ్డకు ఈ మూడు పేర్లూ తెలిసియుండుట ఎంతటి సంపద! అట్లే మన గన్నేరు తమిళులకు అరళి, మందార సెంబరుత్తి, నందివర్ధనం నందియావట్టై, గోరింట మరుదాణి, పారిజాతం పవళమల్లి. ఒక పేరు తెలిసినవాడు పూవును ఒక వైపునుండి చూస్తాడు. రెండు పేర్లు తెలిసినవాడు రెండు వైపుల నుండి చూస్తాడు.

తెలుగు పేర్లకు ప్రపంచ వృక్షశాస్త్రంలో కూడా స్థానం లభించినది. 1781 నుండి 1793 వరకు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమండల తీరపు మొక్కలను చిత్రాలతో వర్ణించాడు. ఆ మూడు సంపుటాల గ్రంథం, 300 చిత్రపటాలతో, 1795 నుండి 1820 వరకు లండనులో వెలువడినది. దానిని వెలువరించుటకు పూనుకొన్నవాడు హైడ్రేంజియాను క్యూ ఉద్యానానికి తెప్పించిన జోసెఫ్ బ్యాంక్స్‌యే. సోమిద చెట్టు పేరు సోయ్‌మిడా అను లాటిను ప్రజాతి నామంగా, సండ్ర పేరు సుంద్రా అను జాతి నామంగా శాస్త్రంలో చేరినవి. పల్లెజనుల నోటిమాట ప్రపంచ గ్రంథాలకు ఎక్కినదనుటకు ఇవి నిదర్శనాలు.

చిత్రకారుల విషయం మరింత గర్వింపదగినది. మద్రాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసిన రాబర్ట్ వైట్ 1838 నుండి 1853 వరకు ఆరు సంపుటాలలో దక్షిణ భారతపు మొక్కల చిత్రాలను ప్రకటించాడు. ఆ గ్రంథంలోని చిత్రపటాలు 2,101. ఆయన కొరకు సంవత్సరాల తరబడి బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అను దేశీయ చిత్రకారులు. ఆకు ఈనెను, తొడిమ మీది నూగును, కోసి విప్పిన పూవులోని కేసరాలను వీరు యథాతథంగా చిత్రించారు. వైట్ తన కృతజ్ఞతకు గుర్తుగా 1853లో ఆర్కిడ్ మొక్కల కుటుంబంలోని ఒక ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ మొక్కను వేరొక ప్రజాతిలో చేర్చినా, ఒక దేశీయ చిత్రకారుని పేరు శాస్త్ర గ్రంథాలలో పర్యాయనామంగా నిలిచియున్నది. చూపు నిలిపి చూచుటయే గుర్తించుటకు మొదటి మెట్టు అని ఆ చిత్రాలు నేటికీ బోధిస్తున్నవి.

పాలారు నీటి కథ

ఇక రెండవ విషయమైన నీటిని గూర్చి తెలిసికొందాము. పాలారు కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి, కుప్పం మీదుగా ప్రవహించి, వాణియంబాడి వద్ద తమిళ సీమలో ప్రవేశిస్తుంది. గుడియాత్తం నడుమ పారే కౌండిన్యనది చిత్తూరు జిల్లా అడవులలో పుట్టి పాలారులో కలుస్తుంది. సంవత్సరంలో ఎక్కువకాలం ఇసుకగా కనిపించినా, ఆ ఇసుక క్రింది ఊటయే తరతరాలుగా ఈ ప్రాంతపు బావులను నింపినది. 2021 నవంబరులో వచ్చిన వరదలు మాత్రం ఈ రెండు నదుల బలాన్ని కొత్తతరానికి చూపినవి.

వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు, రాణిపేట ప్రాంతాలలో తోళ్ళ పరిశ్రమ చిరకాలంగా ఉన్నది. పూర్వం తంగేడు చెక్క వంటి చెట్టుబెరడుతో తోళ్ళను పదును చేసేవారు. తంగేడు కూడా మన మెట్టభూముల పసుపుపూల పొదయే. 1970 దశకంలో సిద్ధమైన తోలు ఎగుమతికి ప్రోత్సాహం లభించిన మీదట క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి విస్తరించినది. ఉపాధి పెరిగినది, వేలాది కుటుంబాలు దానిమీద బ్రతికినవి. అయితే శుద్ధి చేయని మురుగునీటిలోని ఉప్పు, ఇతర రసాయనాలు భూగర్భజలంలో చేరినవి.

ఈ విషయమై వేలూరు పౌరులు సుప్రీంకోర్టును ఆశ్రయించగా 1996 ఆగస్టు 28న చరిత్రాత్మకమైన తీర్పు వెలువడినది. తోళ్ళ పరిశ్రమలున్న ప్రాంతంలో సుమారు 35,000 హెక్టారుల వ్యవసాయభూమి కొంతగానో పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయినదని వ్యవసాయ విశ్వవిద్యాలయపు వేలూరు పరిశోధన కేంద్రం జరిపిన పరిశీలన ఆ తీర్పులో ఉదహరింపబడినది. కలుషితం చేసినవారే నష్టాన్ని భరించాలన్న సూత్రం, ముందుజాగ్రత్త సూత్రం మన దేశపు చట్టంలో భాగమని ఆ తీర్పు స్పష్టం చేసినది. దేశమంతటా పర్యావరణ న్యాయాన్ని చదివేవారు నేటికీ వేలూరు పేరు తలచుకొనుటకు ఇదే కారణం. పాలారు కాలుష్యంపై 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మరల తీర్పు చెప్పి, బాధితుల పరిహారం గూర్చి, నది పునరుద్ధరణ గూర్చి ఆదేశాలు ఇచ్చినది. అనగా మూడు దశాబ్దాలు గడచినా సమస్య తీరలేదు.

దీనికీ పూలపొదకూ సంబంధం ఏమని అడుగవచ్చును. బావినీరు ఉప్పుదేలిన చోట మొదట తెలియజేసేది పెరటిలోని మొక్కయే. ఆకు అంచులు మాడుట, చిగురు మురిగిపోవుట, మొగ్గ రాలుట ఆ సూచనలు. ప్రయోగశాల ఫలితం వచ్చుటకు ముందే ముంగిలి పొద ఫలితం చెబుతుంది. దానిని చదువగలవారు ఇంట ఉండవలెను.

పెంపకం – ఏది ఎక్కడ?

వేలూరు సముద్రమట్టానికి సుమారు 215 మీటర్ల ఎత్తున ఉన్నది. మే మాసంలో వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణం. హైడ్రేంజియాకు మొగ్గ కట్టుటకు సుమారు 18 డిగ్రీల కంటె తక్కువ చల్లదనం ఆరు వారాలపాటు కావలెను. వేలూరు, గుడియాత్తం పట్టణాలలో అట్టి చలికాలం లేదు. కనుక కొండల నుండి పూలతో తెచ్చిన కుండీ ఆ ఒక్క పర్యాయం కనువిందు చేసి, మరుసటి సంవత్సరం ఆకులతోనే సరిపెట్టుట తోటమాలి లోపం కాదు. సుమారు 1,000 మీటర్ల ఎత్తు గల యేలగిరి, 2019లో ఏర్పడిన తిరుపత్తూరు జిల్లాలోనిది, మైదానం కంటె ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో మదనపల్లె సమీపాన గల హార్సిలీ హిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నది. అట్టి చోట్ల నీడపట్టున ప్రయత్నించుట సబబు.

మైదానంలో పెంచియే తీరవలెనను పట్టుదల గలవారు ఈ జాగ్రత్తలు పాటించవలెను. ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వసారా మంచిది. ఎర్రమట్టి, బాగా చివికిన ఆకుఎరువు, కొంత ఇసుక కలిపిన కుండీలో నాటాలి. నీరు నిలువరాదు, మట్టి ఎండిపోరాదు. బావినీటికి బదులు వాననీరు పోయుట అన్నిటికంటె ముఖ్యం. పూత ముగిసిన వెంటనే కొమ్మలు కత్తిరింపవలెను. పెద్దపూల జాతి పాత కొమ్మ చివరనే మొగ్గ కడుతుంది గనుక ఆలస్యంగా కత్తిరిస్తే మరుసటి ఏటి పూత పోతుంది. పూయని కొమ్మనుండి జానెడు ముక్క తీసి, రెండు ఆకులు మాత్రం ఉంచి, వాటిని సగానికి కత్తిరించి తడి ఇసుకలో గ్రుచ్చితే వేరు పట్టుతుంది. పటిక నీరు ఎక్కువైతే వేళ్ళు మాడతాయి. ఈ మొక్కలో విషగుణం ఉన్నది గనుక పసిపిల్లలు, పశువులు తినకుండా చూడవలెను.

అయితే హైడ్రేంజియా చేసే పనిని మన ముంగిట నూరువరహాలు చేస్తున్నదని చాలామంది గమనింపరు. అది కూడా కొంత ఆమ్లనేలను కోరుతుంది. నీటిలో సున్నం, క్షారం పెరిగితే నేలలోని ఇనుము దానికి అందదు. అప్పుడు లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. కొద్దిగా అన్నభేది నీటిలో కలిపి పోస్తే తాత్కాలికంగా కోలుకొంటుంది. ఆకుఎరువు, వాననీరు శాశ్వతమైన మందు. హైడ్రేంజియా పూవు రంగుతో చెప్పే మాటను నూరువరహాలు ఆకు రంగుతో చెబుతున్నది.

ఉప్పునీటి ప్రాంతాలలో గన్నేరు, కాగితపు పూవు ధైర్యంగా నాటదగినవి. గోరింట నీటి ఎద్దడిని తట్టుకొని కంచెగా నిలుస్తుంది. అయితే గన్నేరు, పచ్చగన్నేరు ఆకు, గింజ, పాలు అన్నీ ప్రాణాంతకమైన విషం గనుక చిన్నపిల్లలు ఆడుకొనే చోట వాటిని నాటరాదు. మందార, నందివర్ధనం, కనకాంబరం మంచినీటి బావి ఉన్నచోట చక్కగా పెరుగుతాయి. ఈశాన్య ఋతుపవనాల వానలు ఆరంభమయ్యే అక్టోబరు మాసం వీటి కొమ్మలు నాటుటకు అనువైన కాలం. తమిళనాడులో 2003 నుండి ప్రతి కట్టడానికి వాననీటి సేకరణ తప్పనిసరి అయినది. పైకప్పు మీద పడిన ఆ నీటిలో కొంత భాగాన్ని తొట్టిలో నిలువచేసికొంటే పూలపొదలకు అంతకుమించిన అమృతం లేదు.

పాఠశాల తోట

1950 జూలైలో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ఆరంభించినపుడు దేశమంతటా పాఠశాలల విద్యార్థులు మొక్కలు నాటారు. ఆనాటి నుండి మొక్క నాటుట పాఠశాల జీవితంలో ఒక పండుగ అయినది. ప్రకృతి పరిశీలన అంతకు పూర్వమే ప్రాథమిక పాఠశాలల పాఠ్యాంశాలలో ఉన్నది. ఆకును పుస్తకంలో అద్దుకొని దానిక్రింద పేరు వ్రాసిన తరాలవారు నేడు తాతలు, అవ్వలు అయినారు. వారికి తెలిసిన పేర్లలో చాలా వరకు మనుమలకు తెలియవు. నర్సరీలో దొరికే కొత్త మొక్కకు అంగడివారు చెప్పిన పేరే పేరుగా చలామణి అవుతున్నది. నూరువరహాలను ఇక్సోరా అనియు, గోరింటను హెన్నా అనియు చెప్పే బిడ్డలు పెరుగుతున్నారు. పేరు మారినంత మాత్రాన మొక్క మారదు గాని, పేరుతో కూడిన జ్ఞానం మాత్రం చేజారుతుంది.

ఈ లోపాన్ని దిద్దుటకు పెద్ద వ్యయం అవసరం లేదు. పాఠశాల ఆవరణలోని ప్రతి పొదకు తెలుగు, తమిళ, శాస్త్రీయ నామాలు మూడూ ఒకే పలకపై వ్రాయించవచ్చును. తోటలో ఒక వైపు బావినీటితో, మరొక వైపు వాననీటితో నూరువరహాలను పెంచి, ఆకుల రంగును నెలనెలా విద్యార్థులచేత నమోదు చేయించవచ్చును. ఐదారు సంవత్సరాలు అట్టి పుస్తకం నిలిస్తే అది ఆ వీధి నీటి చరిత్ర అవుతుంది. రంగయ్య, గోవిందుల వలె ఆకును చూచి గీసే అలవాటు కొందరు పిల్లలకైనా అబ్బుతుంది. తల్లిదండ్రులు, అవ్వతాతలు తమకు తెలిసిన పేర్లను చెప్పి వ్రాయించినచో, ఏ నిఘంటువుకూ ఎక్కని మాటలు కొన్ని దక్కుతాయి.

హైడ్రేంజియా అన్న మాటకు నీటిపాత్ర అని అర్థమని మొదటనే చెప్పుకొన్నాము. అది ఇక్కడ పూయకపోవచ్చును. పూసినా ఒక్క ఋతువే కావచ్చును. పాలారు, కౌండిన్యల ఒడ్డున నివసించే మనకు నీటిని కాపాడుకొనుట, పేరును కాపాడుకొనుట రెండూ పెరటిలోనే ఆరంభించదగిన పనులు. పాఠశాలలో అక్షరం నేర్చిన చేతులతోనే పెద్దలూ పిల్లలూ ఆ పనికి పూనుకొందురు గాక!